మా పరిధిలోనిది కాదు

గోదావరిఖని
14 మార్చి 2011

సదయ్య మామా,

నువ్వు చచ్చిపోయావని మున్సిపాలిటీ వాళ్ళు నిన్న కాగితం ఇచ్చారు. నవ్వాలో ఏడవాలో తెలియక దాన్ని మడిచి సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను. "సదయ్య, తండ్రి కొమురయ్య, వయసు యాభై నాలుగు, బొగ్గుగని కార్మికుడు" అని రాసి ఉంది. కింద గుండ్రటి ముద్ర, సంతకం.

బాపు పదకొండో రోజు కాగానే నువ్వు సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయావు. ఫోన్ చేస్తే "కాగితం మీద రాసి పంపు బిడ్డా, కాగితం లేంది సర్కార్ల ఏది కదలది. ఇంటికి పంపు, ఆఫీసుకు మాత్రం పంపకు" అన్నావు. సరే, నీకు తెలిసిన సంగతే అయినా మొదటి నుంచి రాస్తున్నాను. నువ్వు ఎవరికైనా చూపించాల్సి వస్తే పనికొస్తుంది.

1979లో బొగ్గుబాయి పనికి పిలుపు వచ్చింది నీకు. నువ్వు ఒక్క షిఫ్టు దిగి, పైకొచ్చి, లాంపు అప్పగించి, ఇంటికి పోయి ముసుగు పెట్టుకుని పడుకున్నావట. అప్పటికి మీ అక్కకు, అంటే మా అవ్వకు, పెళ్ళయి ఆరు నెలలు. బాపుకు గుంటెడు భూమి లేదు. మరునాడు నీ కాగితం పట్టుకుని బాపు దిగాడు. తలలు లెక్కపెట్టేవాడికి తలలు సరిపోయాయి. అట్లా పోశం అనే మా బాపు కంపెనీలో ముప్పై రెండేళ్ళు సదయ్యగా బతికాడు. మొన్న ఫిబ్రవరిలో మొదటి షిఫ్టు చేసి వచ్చి, స్నానానికి నీళ్ళు తోడుకుంటూ కూలబడి, సదయ్యగానే పోయాడు. ఇట్లా మారుపేర్లతో దిగినవాళ్ళు మా గల్లీలోనే ఇంకో నలుగురున్నారు.

నౌకరీలో ఉండగా పోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి పని ఇస్తారు కదా. నేను డిగ్రీ చదివాను, పెళ్ళి కాలేదు, అవ్వకు నేను ఒక్కదాన్నే. దరఖాస్తు పెట్టాను. గుమాస్తా నా పదో తరగతి మెమో చూసి, "నీ తండ్రి పోశం గదా బిడ్డా. సదయ్య సచ్చిపోతే నీకెట్ల ఇస్తరు నౌకరి?" అన్నాడు. రెండేళ్ళలోపు రుజువులన్నీ ఇవ్వకపోతే దరఖాస్తు కొట్టేస్తారట. క్వార్టరు కూడా ఖాళీ చేయాలి.

నువ్వు సర్కారు లోపలే ఉన్నావు. ఎవరికి చెబితే ఈ పేరు మారుతుందో ఆ ఒక్కరెవరో రాయి మామా, చాలు.

బాగానే ఉన్నానని రాయమంది అవ్వ. బాగా లేదు.

నీ కోడలు
సంధ్యారాణి


హైదరాబాద్
22 మార్చి 2011

బిడ్డా సంధ్యా,

చచ్చిపోయిన మామ చేతిరాత ఇది, జడుసుకోకు. నీ ఉత్తరం చదివి మీ అత్త పూలమ్మ నా చెయ్యి గిల్లి చూసింది.

ఆ ఒక్కరెవరో రాయమన్నావు. ముప్పై ఏళ్ళుగా సచివాలయంలో ఈ భవనం నుంచి ఆ భవనానికి ఫైళ్ళు మోస్తున్నాను, ఆ ఒక్కరు నాకు ఎదురుపడలేదు. మన దిక్కు జనం సర్కారు అంటే ఒక మనిషి అనుకుంటారు. ఉమ్మడి కుటుంబం అనుకో. వడ్ల గది తాళం ఒకరి దగ్గర, వంటింటి తాళం ఇంకొకరి దగ్గర ఉంటుంది. చట్టం చేసేవాళ్ళు అసెంబ్లీలో కూర్చుంటారు. దాన్ని నడిపించేవాళ్ళు మా దగ్గర ఉంటారు. నడిపింది తప్పా ఒప్పా చెప్పేవాళ్ళు మూసీ ఒడ్డున హైకోర్టులో ఉంటారు. ఇది అడ్డంగా పంచుకోవడం. మళ్ళీ నిలువుగా పంచుకోవడం వేరే ఉంది. పైన ఢిల్లీ, దాని కింద హైదరాబాదు, కింద కలెక్టరు, ఆ కింద మీ మండలం, మున్సిపాలిటీ. మీ కంపెనీ సంగతి ఇంకా చిత్రం, సగం మీద కొంచెం మన రాష్ట్రానిది, తక్కింది ఢిల్లీది. బొగ్గు సంగతి ఢిల్లీ చూసుకుంటుంది, దాని మీది భూమి సంగతి మనవాళ్ళు చూస్తారు. మనిషి పేరు ఎవరి వాటాకు వచ్చిందో మాత్రం మా పెద్దసారును అడిగినా చెప్పలేదు.

అయినా ఫికర్ చేయకు. కింది నుంచి మొదలు పెట్టాలి. ఎమ్మార్వో దగ్గరికి పోయి, సదయ్య అన్నా పోశం అన్నా ఒక్క మనిషే అని ధ్రువీకరణ అడుగు. దరఖాస్తు ఎట్లా రాయాలో వెనక పేజీలో రాశాను. "తమ దివ్య సముఖమునకు" అనేది వదిలిపెట్టకు, ఆ మాట ఉంటే రెండు రోజులు ముందు చదువుతారు.

అక్కను వేళకు తినమను.

మీ మామ


గోదావరిఖని
2 జూన్ 2011

మామా,

తమ దివ్య సముఖమునకు అని నాలుగు చోట్ల రాశాను. నాలుగు జవాబులు వచ్చాయి. అవి పెట్టుకోవడానికి అట్ట ఫైలు కొన్నాను.

కంపెనీ పెట్టిన పేరు మార్చడం తన పని కాదన్నాడు ఎమ్మార్వో. కంపెనీకి పోతే, మరణ పత్రంలో సదయ్య అని ఉంది, ముందు అది మార్పించుకు రమ్మన్నారు. మున్సిపాలిటీకి పోతే, కంపెనీ చెప్పిన పేరే మేం రాశాం, కంపెనీయే మార్చాలి అన్నారు. పీఎఫ్ ఆఫీసుకు పోతే, మేం ఢిల్లీ కింద పనిచేస్తాం, రాష్ట్రం వాళ్ళ గొడవ మాకు తెలియదన్నారు. నలుగురూ రాసి ఇచ్చిన చివరి వాక్యం ఒక్కటే, "ఇది మా పరిధిలోనిది కాదు" అని. నిన్న అన్నం తింటూ అవ్వను ఇంకొంచెం పప్పు వేయమంటే అవ్వ కూడా ఆ మాటే అంది. బాపు పోయాక మా ఇంట్లో నవ్వింది అప్పుడే.

ఎమ్మార్వో ఆఫీసులో ఒక ముసలి గుమాస్తా కొంచెం మంచివాడు. బాపు చిన్నప్పటి చదువు కాగితం ఏదైనా ఉంటే తెమ్మన్నాడు. పోశం అనేవాడు ఒకడున్నాడని ముందు తేలాలి కదా అన్నాడు. బాపు ఏడో తరగతి పాసైన కాగితం ఆకుపచ్చ రేకు పెట్టెలో ఉండేదని అవ్వ అంటుంది. పెట్టె అంతా దులిపాం, లేదు. రామగిరి ఖిల్లా కింద మన ఊరి బడికి కూడా పోయి వచ్చాను. ఒరిజినల్ ఎప్పుడో తీసుకుపోయాడు, రెండోది ఇవ్వాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి అన్నాడు హెడ్మాస్టరు. ఆ కాగితం ఏమైందో నీకేమైనా తెలుసా?

ఇంకో సంగతి. అవ్వ కాళ్ళు వాచాయి. కంపెనీ దవాఖాన మా గల్లీ చివరే ఉంది, పొమ్మంటే పోదు. నేను పుట్టినప్పటి నుంచీ పోదు. గట్టిగా అడిగితే ఈసారి చెప్పింది. నేను కడుపులో ఉన్నప్పుడు చూపించుకోవడానికి పోయిందట. నర్సు కాగితం చూసి అందరి ముందు "సదయ్య భార్య సమ్మవ్వ" అని పిలిచిందట. బెంచీ మీద మన ఊరి ఆడవాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకామె "తమ్ముని పెండ్లానివైనవా సమ్మవ్వా?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుందట. అవ్వ లేచి ఇంటికి వచ్చేసింది. నేను ఇంట్లోనే మంత్రసాని లింగవ్వ చేతుల్లో పుట్టాను.

"సొంత తమ్ముని పెండ్లాన్ని అనిపించుకొని గోలీలు మింగుతనా నేను?" అంటుంది. ఇరవై మూడేళ్ళుగా జ్వరాలన్నీ పసుపు కషాయంతోనే పోగొట్టుకుందని నాకు ఇప్పుడు అర్థమైంది. నాకు నౌకరీ ఎంత అవసరమో ఈ పేరు మార్చడం అంతకంటే ఎక్కువ అవసరం మామా. జల్ది ఏదైనా చెయ్యి.

సంధ్య


హైదరాబాద్
20 జూన్ 2011

సంధ్యా,

అక్క దవాఖాన సంగతి నాకు తెలియదు. నాకెవరూ చెప్పలేదు. రెండు రోజులు అన్నం సహించలేదు.

మీ ఎమ్మెల్యేతో అసెంబ్లీలో ప్రశ్న వేయించాలని నీకు ఎవరైనా చెబుతారు, ఆ ఆశ పెట్టుకోకు. ఆయన అడుగుతాడు. ఆ ప్రశ్న మా శాఖకు వస్తుంది. జవాబు మా సెక్షన్‌లోనే టైపు చేస్తారు, దాన్ని అసెంబ్లీ దాకా మోసేది నేనే. అందులో "విషయం పరిశీలనలో ఉన్నది" అని ఉంటుంది. ముప్పై ఏళ్ళలో ఎన్ని విషయాలను పరిశీలనలోకి మోసుకెళ్ళానో, వాటిలో తిరిగి వచ్చింది ఏదీ నాకు గుర్తు లేదు.

మనిషి ఎవరో తేల్చే అధికారం కోర్టుకే ఉంది. ఎమ్మార్వోకు లేదు, కలెక్టరుకు లేదు, మంత్రికి కూడా లేదు. మంచి వకీలును చూసుకుని కేసు వేయండి.

మీ బాపు చదువు కాగితం కోసం తిరగకు. ఎలుకలు కొట్టి ఉంటాయి. దాని గురించి ఆఫీసుల్లో అడగనే వద్దు, లేనిపోని చిక్కులు వస్తాయి.

కాళ్ళ వాపుకు ఇక్కడి డాక్టరు రాసిన గోలీలు బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను.

మీ మామ


గోదావరిఖని
30 అక్టోబరు 2011

మామా,

సమ్మె అయిపోయింది. నెల మీద అయిదు రోజులు బాయిలన్నీ మూతపడ్డాయి. సైరను మోగకపోతే పొద్దున ఎప్పుడు లేవాలో కాలనీలో ఎవరికీ తెలియలేదు. తెలంగాణ వస్తే అన్నీ మన చేతిలోనే ఉంటాయి, నీ బాపు పేరు ఒక్క రోజులో మారుతుంది అని మా గల్లీ యూనియన్ లీడరు సదానందం అంటున్నాడు. నువ్వేమంటావు? నువ్వూ అక్కడ సమ్మెలో కూర్చున్నావని అత్త చెప్పింది.

కోర్టులో కేసు వేశాం. వకీలు రత్నమాల మేడం. వాళ్ళ నాన్న కోస్తా నుంచి కంపెనీలో ఇంజనీరుగా వచ్చాడు, ఈమె ఇక్కడే పుట్టి పెరిగింది. కాగితాలన్నీ చూసి ఒక్క మాట చెప్పింది, "అసలు సదయ్య బతికే ఉన్నాడు కదా? ఆయన వచ్చి బోనులో నిలబడి సదయ్యను నేను, కాగితం మా బావకు ఇచ్చింది నేను అంటే సగం కేసు గెలిచినట్టే."

నాకు ఎంత సంతోషమైందో! ఇన్నాళ్ళూ మనకు ముద్రలు కావాలి, సంతకాలు కావాలి అని తిరిగాను. కావాల్సింది నువ్వు. వాయిదా డిసెంబరు 9న ఉంది. ఒక్క రోజు సెలవు పెట్టు, చాలు. అవ్వ అప్పుడే నీకోసం సకినాల పిండి తడపమంటోంది.

సంధ్య


హైదరాబాద్
18 నవంబరు 2011

సంధ్యకు,

రావడం కుదరదు. సమ్మెలో చాలా రోజులు పోయాయి, సెలవు ఇవ్వరు. నాకు నడుము నొప్పి కూడా ఉంది. సాక్ష్యానికి పాతవాళ్ళను చూసుకోండి. ఐలవ్వ ఉంది, ఆమె భర్త మీ బాపుతో ఒకే షిఫ్టు చేశాడు.

సకినాలు చేయవద్దని అక్కకు చెప్పు.

మామ


గోదావరిఖని
20 ఫిబ్రవరి 2012

మామగారికి,

డిసెంబరులో రాలేదు. జనవరిలో రాలేదు. ఈ నెల కూడా రాలేదు. మూడు వాయిదాలూ ఊరికే పోయాయి. ఐలవ్వ వచ్చి చెప్పింది, కానీ ఆమెకు తన పెళ్ళి ఎప్పుడైందో గుర్తు లేదు, మా బాపు ఎప్పుడు దిగాడో ఎట్లా చెబుతుంది? కంపెనీ వకీలు నవ్వాడు. రుజువులకు ఇక ఒక్క ఏడాదే ఉంది.

మరణ పత్రం వల్ల మీ జీతం ఆగుతుందని భయపడుతున్నారేమో అనుకున్నాను. అందుకే మీరు బతికే ఉన్నారని, నౌకరీలో ఉన్నారని మీ శాఖ నుంచే కాగితం తెప్పించి కోర్టులో పెడదామని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేశాను. మీ మేలు కోసమే చేశాను. నిన్న జవాబు వచ్చింది. "సదయ్య, తండ్రి కొమురయ్య అను పేరుగల ఉద్యోగి ఈ శాఖలో లేరు. గతంలోనూ లేరు."

మరి ఇన్నేళ్ళూ మీరు ఎక్కడికి పోయి వస్తున్నారు? తెల్ల బట్టలు, బిళ్ళ, పెద్దసారు, మోసిన ఫైళ్ళు, ఇవన్నీ మాకు చెప్పిన కథలేనా? నా చిన్నప్పుడు బడిలో అందరికీ మా మామ సర్కారులో ఉంటాడని చెప్పుకున్నాను.

మీరు చచ్చిపోయారని కాగితం ఉంది. బతికి ఉన్నారని ఎక్కడా లేదు. మీకు ఉత్తరం రాయొద్దని అవ్వ అంది. రాసి పోస్టు చేశాక చెబుతాను.

సంధ్యారాణి


హైదరాబాద్
28 ఫిబ్రవరి 2012

బిడ్డా,

నీ దరఖాస్తును తపాలా గది నుంచి మా సెక్షన్‌కు మోసింది నేనే. కట్టలో పైనే ఉంది. నీ చేతిరాత ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాను. సారు చదివి అందులోని జిల్లా పేరు చూసి నా వైపు తిరిగాడు. "పోశం, మీ దిక్కోడే ఉన్నడు. ఈ సదయ్య ఎవలో నీకు ఎర్కేనా?" అన్నాడు.

"ఎర్కలేదు సార్" అన్నాను.

అవును బిడ్డా, ఇక్కడ నా పేరు పోశం. ఆకుపచ్చ పెట్టెలో మీరు వెతికిన కాగితం ముప్పై ఏళ్ళుగా నా సర్వీసు పుస్తకంలో కుట్టి ఉంది. బాయి నుంచి పారిపోయాక ఊళ్ళో తలెత్తుకోలేక తిరుగుతుంటే మీ బాపే నన్ను పిలిచాడు. "నీ పేరు నేను వాడుకుంటున్న. నా పేరు పెట్టెల ఊకెనే పడి ఉన్నది, పట్టుకపో. హైదరబాదుల ఏడో తర్గతికి నౌకరీలున్నయట" అన్నాడు. నేను చదివింది అయిదు. మీ అవ్వకు ఈ సంగతి తెలియదు. ఆమె ఉప్పు కోసం పక్కింటికి పోయినప్పుడు పెట్టె తెరిచి ఇచ్చాడు.

అందుకే ఆఫీసుకు ఉత్తరాలు రాయొద్దన్నాను. అందుకే కోర్టుకు రాలేదు. సదయ్యను నేనే అంటే, మరి హైదరాబాదులో జీతం తీసుకునే పోశం ఎవడు అని అడుగుతారు. నౌకరీ పోతుంది, పెన్షను పోతుంది, జైలు కూడా ఉండొచ్చు. ఎలుకలు కొట్టాయని రాసింది అబద్ధం. నడుము నొప్పి కూడా అబద్ధమే.

ముప్పై రెండేళ్ళు నా పేరు మోసుకుని ఆయన చీకట్లోకి దిగాడు. నేను ఆయన పేరుతో పంకా కింద కూర్చున్నాను. ఇప్పుడు కాగితాల ప్రకారం నేను బొగ్గుబాయిలో పనిచేసి చచ్చిపోయాను, మీ బాపు సచివాలయంలో క్షేమంగా ఉన్నాడు, ఇంకో రెండేళ్ళకు రిటైర్ అవుతాడు. పిరికివాణ్ణని నాకు ముందే తెలుసు. ఇంత పిరికివాణ్ణని "ఎర్కలేదు సార్" అన్నప్పుడు తెలిసింది.

ఈ ఉత్తరం కోర్టులో పెట్టుకుంటావో, చింపేస్తావో నీ ఇష్టం.

మామ


గోదావరిఖని
9 మార్చి 2012

మామా,

నీ ఉత్తరం అవ్వకు చదివి వినిపించాను. విని "అయితే నా పెనిమిటి పేరు ఇన్నేండ్లు హైదరబాదుల తెల్లబట్టలేసుకొని తిరిగిందా" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఉప్పు కోసం పోయిన రోజు కూడా గుర్తుందట, తిరిగి వచ్చేసరికి మీరిద్దరూ దొంగల్లా కూర్చుని ఉన్నారట.

తర్వాత నాతో ఇట్లా రాయమంది. "వాన్ని రావద్దను. ముసలితనంల నౌకరి పోగొట్టుకొని వాడేం తింటడు? దవాఖాన్ల ఒక పేరుకోసం నా తమ్మున్ని జైలుకు పంపుకుంటనా?"

రాశాను. నా మాట కూడా రాయాలి కదా. నేను రమ్మనలేను, రావద్దనీ అనలేను. పోయిన ఉత్తరంలో మీరు అని రాసినందుకు మాత్రం నామీద కోపం ఉంచుకోకు. రత్నమాల మేడానికి నీ సంగతి ఏమీ చెప్పలేదు. అవ్వ కాళ్ళు మళ్ళీ వాచాయి. వాయిదా ఏప్రిల్ 17న ఉంది.

సంధ్య


హైదరాబాద్
20 ఏప్రిల్ 2012

సంధ్యా,

కోర్టు నుంచి తినకుండానే బస్సెక్కానని అక్క తిట్టి ఉంటుంది. ఇంటికి వస్తే మళ్ళీ బయలుదేరలేనని భయమైంది.

బంట్రోతు "సదయ్యా" అని మొదటిసారి పిలిచినప్పుడు, ఎవరు లేస్తారా అని నేనూ అటూ ఇటూ చూశాను. ముప్పై ఏళ్ళుగా ఇంటి బయట ఆ పేరుకు పలకలేదు. రెండోసారి లేచాను. మూడోసారి పిలిచేటప్పటికి బోనులో ఉన్నాను. నువ్వు చూశావు.

కంపెనీ వకీలు ముందు నా పని ఎక్కడో అడిగి, "మరి హైదరాబాదులో ఏ పేరుతో జీతం తీసుకుంటున్నారు?" అని అడిగినప్పుడు జడ్జి గారు చెయ్యెత్తి ఆపాడు కదా. మీ మీద మీరే నేరం చెప్పుకోవాల్సిన పని లేదు, మౌనంగా ఉండే హక్కు మీకు ఉంది అన్నాడు. నన్ను కాపాడటానికి ఒక అధికారం ఉందని నాకు అప్పుడే తెలిసింది. కానీ అక్క ఎదురుగా బెంచీ మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. మళ్ళీ ముసుగు పెట్టుకోలేకపోయాను. చెప్పేశాను.

మరునాడు పొద్దున్నే సారు బల్ల మీద నా చేత్తోనే కాగితం రాసి పెట్టాను, నేను పోశం కాదు, సదయ్యను అని. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. దీని మీద నిర్ణయం తీసుకునే అధికారం తనకు లేదన్నాడు. ఫైలు తయారు చేయించి న్యాయశాఖకు పంపమన్నాడు. ఎవరు మోసుకుపోయారో నీకు వేరే చెప్పాలా?

మీ మామ


గోదావరిఖని
18 జనవరి 2013

మామా,

తీర్పు వచ్చింది! గడువుకు ఇంకా నెల ఉంది. కంపెనీలో సదయ్య పేరుతో పనిచేసి మరణించింది ఐలయ్య కొడుకు పోశమే అని, సమ్మవ్వ ఆయన భార్య అని, నేను బిడ్డనని రాశారు. నకలు చేతికి రాగానే మొదటి పేజీ అవ్వకు చూపించాను. చదవరాదు కదా, పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది.

నౌకరీ మాత్రం జడ్జి గారు ఇవ్వలేదు. ఎవరు ఎవరో చెప్పడం వరకే నా పని, పని ఇవ్వడం కంపెనీ ఇష్టం అన్నారు. కంపెనీకి పోతే కమిటీ వేస్తామన్నారు. కమిటీలో ఒకరు ఢిల్లీ నుంచి రావాలట. ఇక్కడి దాకా వచ్చాక ఇంకా ఎదురుచూడటం నావల్ల కావడం లేదు. రోజుకు రెండుసార్లు ఆఫీసు గేటు దాకా పోయి వస్తున్నాను.

నీ ఫైలు ఎక్కడి దాకా వచ్చింది? ఆ సంగతి నువ్వు రాయవు.

సంధ్య


హైదరాబాద్
5 జూన్ 2014

బిడ్డా,

మే 31న పోశం రిటైర్ అయ్యాడు. దండ వేసి, శాలువా కప్పి, లడ్డూలు పంచారు. మీ బాపు పేరు మైకులో చదివి, ముప్పై మూడేళ్ళు నిజాయితీగా పనిచేశాడని సారు అన్నాడు. తల దించుకుని విన్నాను. శాలువా మీ ఇంటికి తెస్తాను, అది మీదే.

నా ఫైలు సంగతి అడుగుతూనే ఉన్నావు. న్యాయశాఖ నుంచి విజిలెన్సుకు, అక్కడి నుంచి సాధారణ పరిపాలనకు, మళ్ళీ మా శాఖకు, రెండేళ్ళు తిరిగింది. సగం సార్లు నేనే మోశాను. పోయిన నెల రాష్ట్రం పంపకాలకు ఫైళ్ళన్నీ పెట్టెల్లో కట్టారు. ఏది అటు, ఏది ఇటు అని చీటీలు అంటించారు. నాది ఏ పెట్టెలో పడిందో ఎవరికీ తెలియదు. నిన్న పోయి అడిగాను. తెలంగాణ వాళ్ళు, అది పాత రాష్ట్రంలో జరిగిన తప్పు, అటు అడుగు అన్నారు. ఆంధ్ర వాళ్ళు, నువ్వు ఈ ప్రాంతం వాడివి, ఇటు అడుగు అన్నారు. మూడేళ్ళ కింద నిన్ను ఏడిపించిన ఆ మాటే ఇద్దరూ చెప్పారు.

కాబట్టి నన్ను శిక్షించేవాళ్ళు లేరు. పెన్షను ఇచ్చేవాళ్ళూ లేరు. మీ అత్త పచ్చళ్ళు పెట్టి అమ్ముతానంటోంది. మొన్న రెండో తారీఖు వీధుల్లో అందరూ రంగులు చల్లుకున్నారు, నేనూ తడిసి వచ్చాను. సంతోషమే. కానీ పొద్దున లేస్తే పోవాల్సిన చోటు లేదు, తలుపు ఎవరైనా కొడితే మాత్రం ముందు కిటికీలోంచి చూస్తున్నాను. ఇప్పుడు ఎవరైనా సదయ్యా అన్నా, పోశమా అన్నా రెండింటికీ తిరుగుతున్నాను.

కమిటీ ఏమంది?

సదయ్య


గోదావరిఖని
28 జూలై 2014

సదయ్య మామా,

ఉత్తరం ఆలస్యమైంది, నా షిఫ్టు వల్ల. అవును, షిఫ్టు! కమిటీ సరే అంది. ఈ నెల మొదటి నుంచి లాంపు రూములో డ్యూటీ చేస్తున్నాను. దిగేవాళ్ళకు దీపాలు ఇవ్వడం, వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం నా పని. కొత్తగా దిగే ప్రతివాడినీ నీ పేరేంది అని అడుగుతాను. చెప్పాక, నీ సొంత పేరేనా అని మళ్ళీ అడుగుతాను. పిచ్చిదాన్ని అనుకుంటున్నారు. చేరేటప్పుడు ఫారంలో తండ్రి పేరు దగ్గర పోశం అని పెద్ద అక్షరాలతో రాశాను.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న అవ్వను కంపెనీ దవాఖానకు తీసుకుపోయాను. రానంది. కొత్త కార్డు వచ్చింది, చూడు అన్నాను. కొత్త చీర కట్టుకుంది, దవాఖానకు కొత్త చీర ఏందవ్వా అంటే వినలేదు. రావి ఆకు రంగు చీర, బాపు ఆఖరి బోనసుకు తెచ్చింది. బెంచీ మీద గోడ పక్కన కూర్చుంది. చుట్టూ మన కాలనీ ఆడవాళ్ళే ఉన్నారు. చెమట పట్టిన అరచేతులు చీరకు తుడుచుకుంటూనే ఉంది. లేచి వెళ్ళిపోతుందేమోనని కొంగు చివర నా చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

కిటికీ దగ్గరి అమ్మాయి కార్డు చూసి పిలిచింది. "పోశం భార్య సమ్మవ్వ!"

అవ్వ కదలలేదు. వినబడలేదేమో అని మోచేత్తో పొడిచాను. ఆ అమ్మాయి మళ్ళీ పిలిచింది, ఈసారి ఇంకా గట్టిగా. నేను లేవబోయాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఆగు బిడ్డా" అంది. "ఇంకొక్కసారి పిలువనియ్యి."

నువ్వూ అత్తా ఇక్కడికి వచ్చేయండి. క్వార్టరు మాదే ఇప్పుడు.

నీ కోడలు,
పోశం బిడ్డ సంధ్యారాణి